ఏ ఎడిటర్‌లో రాయాలన్నా?

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారానికి మా చిన్నమ్మ కూతురు కార్వేటినగరం నుంచి ఫోన్ చేసింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మామూలుగా వాట్సాప్‌లో స్టిక్కర్లతోనే మాట్లాడే పిల్ల. నేరుగా ఫోన్ చేసిందంటేనే ఏదో అయిందని అర్థమైపోయింది.

"అన్నా, అంతా పొయ్యింది."

"ఏం పోయింది?"

"అవ్వ నోటుబుక్కు టైపు చేసి పెట్టినాను కదా, నలభై పదాలు. ఇప్పుడు ఫైలు తెరిస్తే అన్నీ కొచ్చెన్ మార్కులే ఉండాయి."

ఇక్కడ 'పదం' అంటే మాట కాదు. పాడుకునే పదం. క్షేత్రయ్య పదాలు అంటాం చూడండి, ఆ పదం. మా ఊరికీ ఒక పదకర్త ఉన్నాడు, సారంగపాణి. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో కార్వేటినగరం సంస్థానంలో ఉన్నవాడు. ఆయన పదాల్లో వేణుగోపాలుడి పేరే ముద్ర. ఆ వేణుగోపాలస్వామి గుడి ఇప్పటికీ ఊళ్లో ఉంది. అవ్వ చిన్నప్పుడు నేర్చుకున్న పదాలన్నీ ఒక గళ్ల నోటుబుక్కులో రాసిపెట్టుకుంది. అట్ట ఊడిపోయింది, ఇంకు పాలిపోయింది. అవ్వకేమో చూపు ఆనడం లేదు. అందుకే పిల్ల రెండు నెలలు కూర్చుని ఫోన్‌లో టైపు చేసింది. ప్రింటు తీయిద్దామని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒక నెట్ సెంటర్‌కి వెళ్లింది. అక్కడెవరో ఫైలు తెరిచి, లైన్లు కాస్త సర్ది, సేవ్ చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ ఫైలునే ఫోన్‌లోని పాత ఫైలు మీద పేస్ట్ చేసేసింది. అయిపోయింది కథ.

ఫైలు పంపమన్నాను. నిజంగానే మొదటి లైను నుంచి చివరి లైను దాకా ప్రశ్నార్థకాలు. మధ్యలో ఖాళీలు, కామాలు మాత్రం ఎక్కడివక్కడ భద్రంగా ఉన్నాయి.

మీలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుభవం అయ్యే ఉంటుంది. కాబట్టి ఒక ముఖ్యమైన తేడా చెప్తాను. తెలుగు ఫైలు తెరవగానే తోకలు తగిలించిన ఇంగ్లీషు 'ఎ'లు, వాటి పక్కన డిగ్రీ గుర్తులు వరసగా కనిపిస్తే కంగారు పడొద్దు. లోపల డేటా అలాగే ఉంది, ఎడిటర్ దాన్ని తప్పుగా చదువుతోందంతే. అందులో ఏమీ సేవ్ చేయకుండా మూసేసి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ తెరిస్తే తెలుగు వచ్చేస్తుంది. కానీ ప్రశ్నార్థకాలు కనిపిస్తే పని అయిపోయినట్టే. పాత ఎన్‌కోడింగుల్లో మొత్తం 256 గళ్లే. వాటిలో తెలుగుకి చోటు లేదు. 'ఈ పద్ధతిలో సేవ్ చెయ్' అని పొరపాటున అన్నామంటే, చోటు లేని ప్రతి అక్షరం స్థానంలో ఎడిటర్ ఒక ప్రశ్నార్థకం రాసేస్తుంది. 'క' అయినా '?' నే, 'మ' అయినా '?' నే. వెనక్కి తెచ్చే దారి లేదు.

వాట్సాప్‌లో స్నేహితురాలికి పంపినవి పదకొండు పదాలు దొరికాయి. మిగతా ఇరవై తొమ్మిదీ మళ్లీ టైపు చేయాల్సిందే.

"ఈసారి ఏ ఎడిటర్‌లో రాయాలన్నా?" అనడిగింది.

ఈ వారం కాలమ్ అదే.

ముందు నేనొక ఎదురు ప్రశ్న వేశాను. నోటుబుక్కులో అవ్వ ఎలా రాసుకుంది? పైన ఎర్ర ఇంకుతో రాగం. పక్కన 'ప' అంటే పల్లవి, 'అ.ప' అంటే అనుపల్లవి, 'చ' అంటే చరణం. కొన్నిచోట్ల మార్జిన్‌లో చిన్నగా, 'ఇంకొకరు ఇట్లా పాడతారు' అని వేరే మాట. అంటే అవ్వ ఎప్పుడో మార్కప్ చేసేసింది! ఇది పల్లవి, ఇది చరణం, ఇది రెండో పాఠం అని ప్రతి ముక్కకీ పేరు పెట్టడమే మార్కప్ అంటే. మన పిల్ల ఫోన్‌లో టైపు చేసినప్పుడు ఆ ఎర్ర ఇంకు, ఆ మార్జిన్ అన్నీ కలిసిపోయి మామూలు లైన్లయ్యాయి. ప్రశ్నార్థకాలు రాకముందే కొంత పోయిందన్నమాట.

వర్డ్ లాంటి దాంట్లో పల్లవిని బోల్డ్ చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. మన కంటికి తెలుస్తుంది, మెషీన్‌కి తెలియదు. దానికి అది లావు అక్షరాలు, అంతే. 'ఫలానా రాగంలో ఎన్ని పదాలున్నాయి', 'ఏ పదాల్లో రెండు పాఠాలున్నాయి' అని అడిగితే వర్డ్ ఫైలు చెప్పలేదు. పేర్లు పెట్టి రాస్తే చెప్పగలదు. అలా పేర్లు పెట్టడానికి ప్రపంచమంతా వాడే పద్ధతుల్లో ఒకటి ఎక్స్ఎంఎల్. 1998 ఫిబ్రవరిలో ప్రమాణంగా వచ్చింది. పాతబడిందని కొందరు కోడర్లు మూతి తిప్పుతారు కానీ, మీ ఫోన్‌లో అది లేని మూల లేదు. ఆండ్రాయిడ్ యాప్‌లో మెనూలు తెలుగులో కనిపిస్తున్నాయంటే, సాధారణంగా ఆ మాటలన్నీ ఒక ఎక్స్ఎంఎల్ ఫైలులో ఉన్నట్టే. ఈపబ్ పుస్తకాన్ని విప్పినా, వర్డ్ డాక్యుమెంట్‌ని విప్పినా లోపల ఉండేది అదే.

పిల్లకి పంపిన నమూనా ఇది:

<పదం>
<రాగం>…</రాగం>
<తాళం>…</తాళం>
<పల్లవి>…</పల్లవి>
<అనుపల్లవి>…</అనుపల్లవి>
<చరణం>…</చరణం>
</పదం>

"ట్యాగులు తెలుగులో రాయొచ్చాన్నా?" అని ఆశ్చర్యపోయింది. రాయొచ్చు. ఎక్స్ఎంఎల్‌లో పేర్లు ఇంగ్లీషులోనే ఉండాలనే నియమం లేదు. అయితే పెద్ద లైబ్రరీలు, యూనివర్సిటీలు పాత గ్రంథాలకి వాడే టీఈఐ అనే పద్ధతి ఒకటుంది. 1987లో మొదలైంది. దాంట్లో ట్యాగుల పేర్లు ఇంగ్లీషువే. రేపు ఎవరికైనా ఇవ్వాలంటే అందులోకి మార్చుకోవచ్చు, ఆ మార్పు ప్రోగ్రామ్ చేసిపెడుతుంది. ప్రస్తుతానికి నోటుబుక్కు ముందు కూర్చున్న పిల్లకి 'పల్లవి' అని రాయడమే సుఖం.

ఇక ఎడిటర్ సంగతి. యూట్యూబ్‌లో 'బెస్ట్ ఎక్స్ఎంఎల్ ఎడిటర్' అని కొడితే డార్క్ థీమ్ ఎంత బాగుందో, షార్ట్‌కట్లు ఎన్ని ఉన్నాయో చెప్తారు. అవి చేసేవాళ్లు తెలుగులో రాయరు కాబట్టి మనకి కావాల్సింది అందులో ఉండదు. నన్నడిగితే ఎడిటర్‌ని పెళ్లిచూపుల్లా చూసి ఎంచుకోకూడదు, పరీక్ష పెట్టాలి. ఒక చిన్న ఫైలు తయారు చేసుకోండి. అందులో 'స్త్రీ', 'లక్ష్మి', 'ఫేస్‌బుక్' అని రాయండి. పాత గ్రంథాల పనైతే బండి ఱ, అరసున్న ఁ కూడా పెట్టండి. సేవ్ చేసి, మూసి, వేరే యాప్‌లో తెరవండి. మళ్లీ అందులో సేవ్ చేసి వెనక్కి తెచ్చి చూడండి. ఇంత చిన్న పరీక్షలోనే సగం ఎడిటర్ల సంగతి బయటపడుతుంది.

ఆ మాటలే ఎందుకంటారా? 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం. మెషీన్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 18. ఇంగ్లీషు కోడ్ కోసం తయారైన ఎడిటర్లు లైను ఎత్తు తక్కువగా ఉంచుతాయి, దాంతో కింది ఒత్తులు కొన్నిచోట్ల తెగిపోతాయి. త ఒత్తు ఉందో లేదో కనపడకపోతే ప్రూఫ్ చూసేదెలా? సెట్టింగుల్లో లైను ఎత్తు పెంచుకునే వీలుండాలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు పెట్టుకోనివ్వాలి. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే గుణింతం మాత్రమే పోతుందా, అక్షరం మొత్తం ఊడిపోతుందా అన్నదీ చూడండి. ఒక్క దీర్ఘం సరిచేయడానికి 'స్త్రీ' అంతా మళ్లీ కొట్టాల్సి వస్తే ఇరవై తొమ్మిది పదాలు పూర్తయ్యేసరికి వేళ్లు అరిగిపోతాయి.

'ఫేస్‌బుక్' వెనక ఇంకో కథ ఉంది. స్ తర్వాత బ ఒత్తుగా కిందికి దిగకుండా ఆపేది ఒక కనిపించని అక్షరం. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని కుప్పకూలుస్తోందని ప్రపంచమంతా గోల గోల అయింది, గుర్తుందా? అది 'జ్ఞా'. దాని నడుమ ఇరుక్కున్నది ఈ కనిపించని అక్షరమే. యాపిల్ ఒక అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మన పనిలో అది ఫోన్లని కూల్చదు కానీ వెతుకులాటని కూలుస్తుంది. ఒకే మాటని ఒకచోట ఆ అక్షరంతో, ఇంకోచోట అది లేకుండా రాస్తే మెషీన్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. కంటికి ఒకేలా కనిపించినా సరే. కాబట్టి కనిపించని అక్షరాలని గీత గీసో, గడి కట్టో చూపించే ఎడిటర్ కావాలి. చూపించాలి కానీ, 'క్లీన్ చేస్తా' అంటూ అన్నీ తుడిచేసేది వద్దు. తెలుగులో అవి చెత్త కాదు.

ఇంకో పరీక్ష ట్యాగులది. కావాలనే ఒక ముగింపు ట్యాగు చెరిపేసి చూడండి. మంచి ఎడిటర్ వెంటనే ఎర్ర గీత గీసి, ఏ ట్యాగు మూయలేదో చెప్తుంది. మామూలు ఎడిటర్ ఏమీ ఎరగనట్టు సేవ్ చేస్తుంది. మా వైపు చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకి పోతారు. కట్టు వేసేవాళ్లు ముందు తడిమి, ఎక్కడ విరిగిందో పట్టుకుంటారు. ఆ తడిమే పని ఎడిటర్‌ది. ఒక చిన్న చిక్కు: 'లైను 214, కాలమ్ 38' అని తప్పు చూపిస్తే 38వ అక్షరం దగ్గర వెతక్కండి. 'స్త్రీ'నే ఆరుగా లెక్కేసే ఎడిటర్‌కి ఆ 38 మీ కంటికి పదిహేనో అక్షరం దగ్గరే రావచ్చు.

సరే, పేర్లు చెప్పమంటారు.

విండోస్ వాళ్లకి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ తేలిక. పాత కంప్యూటర్‌లో కూడా చకచకా పనిచేస్తుంది. ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో కింద పట్టీలో ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. ఆ ఒక్క ముక్క కనిపించి ఉంటే మా పిల్ల నలభై పదాలు మిగిలేవి. ట్యాగుల తప్పులు పట్టడానికి ప్లగిన్ వేసుకోవాలి.

మైక్రోసాఫ్ట్ వారి వీఎస్ కోడ్ కూడా ఉచితమే. 2015లో వచ్చింది, మీ కాలేజీ ల్యాబులో ఎలాగూ చూసే ఉంటారు. దానికి రెడ్‌హ్యాట్ వాళ్ల ఎక్స్ఎంఎల్ ఎక్స్‌టెన్షన్ వేస్తే సగం ట్యాగు కొట్టగానే ముగింపు అదే వేస్తుంది, తప్పులు అప్పటికప్పుడే పట్టుకుంటుంది. కనిపించని అక్షరాల చుట్టూ గడి గీస్తుంది. లైను ఎత్తు పెంచుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్‌కి మాత్రం కాస్త బరువే.

ఇదే పని వృత్తిగా చేసే పండితులు ఎక్కువగా చెప్పేది ఆక్సిజన్ గురించి. రొమేనియా కంపెనీది. ట్యాగులన్నీ దాచేసి మామూలు డాక్యుమెంట్‌లా చూపించే పద్ధతి కూడా అందులో ఉంది, టీఈఐ అందులో ముందే సిద్ధంగా ఉంటుంది. కానీ డబ్బు కట్టాలి, అదీ మన డిగ్రీ పిల్లల జేబుకి అందేది కాదు. 30 రోజుల ట్రయల్ ఉంది కానీ నలభై పదాల కోసం దానికి అలవాటు పడి, ముప్పై ఒకటో రోజు బాధపడడం దేనికి?

ఈమాక్స్ ఇష్టపడేవాళ్లకి నేను చెప్పేదేం లేదు, వాళ్లే నాకు చెప్తారు. అందులోని ఎన్ఎక్స్ఎంఎల్ మోడ్ రాసినాయన జేమ్స్ క్లార్క్, ఎక్స్ఎంఎల్ తయారైనప్పుడు ఆ బృందానికి సాంకేతికంగా ముందున్న మనిషి. పని గొప్పగానే ఉంటుంది. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి మొదటి వారం అందులోంచి బయటికి రావడమే పెద్ద పని. ఇక నల్ల టెర్మినల్‌లో విమ్ వాడదామనుకుంటే, చాలా టెర్మినళ్లలో తెలుగు ఒత్తులు చెల్లాచెదరవుతాయి. కోడ్‌కి సరే, పదాలకి వద్దు.

"అదంతా సరే అన్నా, నా కాడ ల్యాప్‌టాప్ యాడుంది?" అంది.

నిజమే. ఇది చదివేవాళ్లలో చాలామందిదీ ఇదే మాట అయ్యుంటుంది. ఆమెకున్నది ఒక ఆండ్రాయిడ్ ఫోను. ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ తమ్ముడిది, అది కూడా ఆదివారం అతను క్రికెట్‌కి పోతేనే దొరుకుతుంది. అందుకని పనిని రెండుగా విడగొట్టాం. వారమంతా టైపింగు ఫోన్‌లో. దానికి ఏకోడ్ అనే ఎడిటర్ వేసుకుంది. ఉచితం, ఓపెన్ సోర్స్, ట్యాగులకి రంగులు వేసి చూపిస్తుంది. ఆరు ట్యాగుల నమూనాని కీబోర్డు క్లిప్‌బోర్డులో పిన్ చేసుకుంది. ఒక్క తాకుడికి నమూనా వచ్చేస్తుంది, మధ్యలో పదం కొట్టుకుంటూ పోవడమే. ఆదివారం ల్యాప్‌టాప్‌లో వీఎస్ కోడ్ తెరిచి తప్పులు చూడడం. పాత ఫైలు మీద కొత్తది ఎప్పుడూ పేస్ట్ చేయకూడదు, తేదీ పేరుతో కొత్త ఫైలు పెట్టాలి. ఇది మాత్రం ఒట్టేయించుకున్నాను. నలభై పదాలూ కలిపినా ఒక సెల్ఫీలో పదో వంతు ఉండవు, చోటు సమస్యే కాదు.

డీటీపీ షాపులో అను ఫాంట్లతో టైపు చేయిస్తే త్వరగా అవుతుందని ఎవరో ఆమెకి సలహా ఇచ్చారట. పోస్టరుకైతే సరే. ఆ పాత ఫాంట్లలో ఉండేది యూనికోడ్ తెలుగు కాదు, తెలుగు ముసుగేసుకున్న ఇంగ్లీషు అక్షరాలు. ఫాంటు తీసేస్తే ముసుగు ఊడిపోతుంది. మార్చే సాధనాలున్నాయి కానీ, మార్చాక మళ్లీ ప్రతి అక్షరం సరిచూసుకోవాలి. అంత కష్టం పడేకంటే మొదటే యూనికోడ్‌లో కొట్టుకోవడం నయం.

మూడో ఆదివారానికి ఇరవై రెండు పదాలయ్యాయి. అప్పుడు ఇంకో పని నేర్పించాను. పదం అంటే ఏమేం ఉండాలో ఒక చిన్న నియమావళి రాయడం. డీటీడీ అంటారు, ఆరేడు లైన్లు. రాగం ఒకటి ఉండాలి, తాళం ఒకటి, పల్లవి ఒకటి. అనుపల్లవి ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. చరణాలు ఒకటి గానీ ఇంకా ఎక్కువ గానీ. 'ఉంటే ఉంటుంది' అని చెప్పడానికి అందులో వాడే గుర్తేమిటో తెలుసా? ప్రశ్నార్థకం! పిల్ల పగలబడి నవ్వింది. ఆ ఫైలు పోయాక అది నవ్వడం నేను విన్నది అదే మొదటిసారి.

నియమావళి తగిలించగానే ఎడిటర్ మూడు పదాల కింద ఎర్ర గీతలు గీసింది. ఒకటి నిజంగా టైపింగు తప్పు, ఒక చరణం మధ్యలో విరిగి రెండైంది. మిగతా రెండింటిలో తాళం లేదు. నోటుబుక్కు తీసి చూస్తే అందులోనూ లేదు, అవ్వ రాసుకోలేదు. మొదటిసారి నలభై పదాలు టైపు చేసినప్పుడు ఈ సంగతి పిల్ల కంట పడనే లేదు. అవ్వ దగ్గరికి పోయి అడిగింది. అవ్వ కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ పల్లవి పాడింది. పిల్ల ఫోన్‌లో రికార్డు చేసుకుని సంగీతం టీచరుకి వినిపించింది. ఒకటి ఆదితాళమని తేలింది. రెండోది అవ్వకే అనుమానం. దానికి <తాళం> లోపల <సందేహం> అని ఇంకో ట్యాగు పెట్టమన్నాను, నియమావళిలోనూ దానికి చోటిచ్చాం. తెలియనిది తెలియదని రాసుకునే చోటు కూడా ఉండాలి కదా.

తిరుమలలో తాళ్లపాక వారి రాగిరేకులు గుర్తొస్తాయి నాకు ఇలాంటప్పుడు. అన్నమయ్య సంకీర్తనలు చెక్కినవాళ్లు ప్రతి కీర్తనకీ రాగం పేరు రాశారు. తాళం రాయలేదు. అప్పట్లో పాడేవాళ్లకి తెలుసు కాబట్టి అక్కర్లేదనుకున్నారేమో. ఇప్పుడు ఆ గడి ఖాళీ. రాగిరేకుకి ఎర్ర గీత గీసే ఎడిటర్ లేదు మరి.

మొన్న రాత్రి పదిన్నరకి మళ్లీ మెసేజ్. ఒక పదం మూడో చరణంలో ఒక మాట అవ్వ నోటుబుక్కులో ఒకలా ఉంది, లైబ్రరీలో దొరికిన అచ్చు పుస్తకంలో ఇంకోలా ఉంది. ఏది పెట్టాలన్నా? అవ్వనడిగితే 'నేను పాడేది ఇదే, పుస్తకం వాళ్లకేం తెలుసు' అంటోంది. నేను రెండూ పెట్టమన్నాను. పైన అవ్వ పాడే మాట, పక్కన <పాఠాంతరం> అని అచ్చులోని మాట, అది ఏ పుస్తకం, ఏ పేజీ అన్న వివరంతో.

కాసేపటికి స్క్రీన్‌షాట్ వచ్చింది. తమ్ముడి ల్యాప్‌టాప్, వీఎస్ కోడ్, ఒత్తులన్నీ కనిపించేంత ఎడంగా లైన్లు. ఎర్ర గీత ఒక్కటీ లేదు. కింద ఆమె మాట: "ముప్పై రెండు అయినాయి అన్నా. ఇంకా ఎనిమిది ఉండాయి. అవ్వ ఇంకోటి గుర్తొచ్చిందంటా ఉంది, నోటుబుక్కులో లేనిది."